పూల లోయకు ఆగస్టులో నాన్నగారిని తీసుకెళ్లవచ్చా? గైడ్ ఉన్న బృందంతోనే వెళ్లాలా?

సాగరతీరం (విశాఖపట్నం) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో ఉన్న పూల లోయకు, అంటే వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ జాతీయ ఉద్యానవనానికి, ఈ వర్షాకాలంలో మా నాన్నగారితో కలిసి వెళ్లాలని అనుకుంటున్నాను. ఆయనకు 61 ఏళ్లు. రక్తపోటుకు రోజూ మాత్ర వేసుకుంటారు, ఉదయం గంటసేపు బీచ్ రోడ్డులో నడుస్తారు, మోకాళ్ల నొప్పులు ఇంతవరకు లేవు. మొక్కలంటే ఆయనకు మహా ఇష్టం కాబట్టి ఈ ప్రయాణం అసలు ఆయన కోసమే.

మేము చూసిన ట్రెక్కింగ్ సంస్థ హరిద్వార్ నుంచి హరిద్వార్ వరకు ఆరు రోజుల కార్యక్రమం ఇచ్చింది. మొదటి రోజంతా గోవింద్‌ఘాట్ వరకు రోడ్డు ప్రయాణం, రెండో రోజు పుల్నా నుంచి, లోయకు ముందు బస చేసే ఊరైన ఘాంఘ్రియాకు నడక, మూడో రోజు లోయ, నాలుగో రోజు కొండమీది సిక్కుల గురుద్వారా హేమకుండ్ సాహిబ్, ఐదో రోజు కిందికి దిగి బదరీనాథ్ దర్శనం, ఆరో రోజు తిరుగు ప్రయాణం. ఇందులో నాన్నగారి వయసుకు ఏ రోజు కష్టమవుతుందో, జులై చివర మంచిదో ఆగస్టు మధ్య మంచిదో, గైడ్ లేకుండా మేమిద్దరమే వెళితే ఏమైనా ఇబ్బంది ఉంటుందో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

దూన్‌వాసి:

ఉద్యోగరీత్యా చాలాకాలంగా దేహ్రాదూన్‌లో ఉంటున్న తెలుగువాడిని. ఈ దారిలో ఇక్కడి మిత్రులతోనూ, మన ఊళ్ల నుంచి వచ్చిన బంధువులతోనూ వెళ్లిన అనుభవం ఉంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందుగా మీ మూడో సందేహం. దారి తెలియదన్న భయంతో గైడ్‌ను పెట్టుకోవలసిన అవసరం ఇక్కడ లేదు. గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా వరకు నాలుగు కిలోమీటర్లు జీపులు తిరుగుతాయి. అక్కడి నుంచి ఘాంఘ్రియాకు దాదాపు పది కిలోమీటర్ల రాళ్లు పరిచిన బాట ఉంది. దాని మీద సిక్కు యాత్రికులు, కంచర గాడిదలు, సామాను మోసే కూలీలు రోజంతా నడుస్తూనే ఉంటారు, మధ్యమధ్య టీ దుకాణాలు ఉంటాయి. ఘాంఘ్రియా దాటిన కొద్ది దూరంలోనే బాట రెండుగా చీలుతుంది. కుడివైపు హేమకుండ్‌కు ఎక్కుతుంది, ఎడమవైపు అటవీ శాఖ చెక్‌పోస్టు మీదుగా లోయకు వెళుతుంది. తప్పిపోదామన్నా తప్పిపోలేని దారి అది.

అయినా బృందంతో వెళ్లడంలో అసలు ప్రయోజనం రోడ్డు విషయంలో కనిపిస్తుంది. పూలు విరగబూసే జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకే కొండచరియలు కూడా ఎక్కువగా విరిగిపడతాయి, ఎందుకంటే ఆ పూలను పూయించేదీ ఆ కొండను కరిగించేదీ ఒకే వాన. రిషికేశ్ నుంచి జోషీమఠ్ వరకు ఉన్న సుమారు 250 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు మామూలు రోజుల్లోనే పది గంటలు పడుతుంది. శ్రీనగర్ (కాశ్మీర్‌ది కాదు, ఉత్తరాఖండ్‌లోనిది), రుద్రప్రయాగ మధ్య సిరోబగడ్ వంటి చోట్ల చరియలు పడితే కొన్ని గంటలు, ఒక్కోసారి రోజంతా వాహనాలు ఆగిపోతాయి. 2013 జూన్ వరదల్లో గోవింద్‌ఘాట్‌కూ భ్యుండార్ గ్రామానికీ ఎంత నష్టం జరిగిందో ఇక్కడివారు ఇప్పటికీ చెబుతుంటారు.

కాబట్టి సంస్థను ఎంచుకునేటప్పుడు వారి ఫొటోలనూ భోజనాల జాబితానూ చూడకండి. దారి మూసుకుపోతే ఆ అదనపు రోజు బస, భోజనం, వాహనం ఖర్చు ఎవరిదో, వాన వల్ల లోయకు వెళ్లడం కుదరకపోతే హేమకుండ్ రోజును దానికి ఇస్తారో లేదో, మీ నాన్నగారు మధ్యలో ఆగిపోతే ఆయనతో ఎవరు ఉంటారో రాతపూర్వకంగా అడగండి. ఈ మూడింటికీ సూటిగా జవాబు ఇవ్వని సంస్థ ఎంత తక్కువ ధర చెప్పినా వద్దు. ఆరు రోజుల కార్యక్రమంలో ఒక్క ఖాళీ రోజు కూడా లేదు, అది నాకు నచ్చలేదు. తిరుగు విమానం టికెట్టును కార్యక్రమం ముగిసిన మర్నాటికి కాకుండా కనీసం రెండు రోజుల తర్వాతకు తీసుకోండి.

బదరీనాథ్, హేమకుండ్ సాహిబ్ రెండింటికీ ఉత్తరాఖండ్ ప్రభుత్వం వద్ద యాత్రికుల నమోదు తప్పనిసరి, ఆధార్ కార్డు దగ్గర ఉంచుకోండి. నగదు జోషీమఠ్‌లోనే తీసుకుని బయలుదేరడం మేలు.

కొండదారి:

దూన్‌వాసి గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, బృందంతో వెళ్లడం వల్ల కలిగే నష్టాన్ని ఆయన తక్కువ చేసి చెప్పారనిపిస్తోంది. నేను వెళ్లిన బృందంలో ఎక్కువమంది పాతికేళ్లలోపు వారు. గైడ్ వేగమంతా వారిని బట్టి నడిచింది. లోయలో ఒక మొక్క దగ్గర పది నిమిషాలు కూర్చోవాలనుకున్న వారికి ఆ అవకాశమే దొరకలేదు. మధ్యాహ్న భోజనం ఘాంఘ్రియాలోనే ఏర్పాటు చేశామంటూ లోయ మొదట్లోంచే వెనక్కి తిప్పారు. అంత దూరం వెళ్లి, పూల గడ్డి మైదానం అసలు విస్తరించేచోటికి చేరకుండానే వచ్చేశాము.

మీ నాన్నగారికి మొక్కలు ఇష్టమని రాశారు కాబట్టి నా సలహా ఒక్కటే. ఘాంఘ్రియాలో ఒక రాత్రి ఎక్కువ ఉండి, లోయకు రెండు రోజులు కేటాయించండి. లోపల బస చేయడానికీ గుడారం వేయడానికీ అనుమతి లేదు, సాయంత్రం ఐదు లోపు బయటికి రావాలి, కాబట్టి ఉదయం చెక్‌పోస్టు తెరవగానే ప్రవేశించడం ముఖ్యం. లోపల దుకాణాలు లేవు, తిండి, నీళ్లు మీరే మోసుకుని వెళ్లాలి. గాడిదలను కూడా లోపలికి రానివ్వరు. నడవలేనివారిని వీపు మీద బుట్టలో మోసుకెళ్లే కండీవాళ్లు మాత్రం ఘాంఘ్రియాలో దొరుకుతారు.

మందారం (విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు):

సాగరతీరం గారూ, మీ నాన్నగారు మొక్కల కోసం వస్తున్నారంటే తేదీల విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే జులైలో చూసే లోయ వేరు, ఆగస్టులో చూసే లోయ వేరు.

ఉద్యానవనం జూన్ 1న తెరుచుకుని అక్టోబరు 31న మూతపడుతుంది. జూన్‌లో వాగుల్లో మంచు ఇంకా గడ్డకట్టి ఉంటుంది, దాని అంచుల వెంబడి ప్రిములాలు, ఎనిమోన్లు పూస్తాయి. జులైలో జెరేనియంలు, పొటెంటిల్లాలు, పడగ విప్పిన పామును తలపించే కోబ్రా లిల్లీలు వస్తాయి. అందరూ వెతికే నీలి గసగసాల పువ్వు, అంటే మెకనాప్సిస్ అక్యులియాటా, కూడా జులైలోనే బాగా కనిపిస్తుంది. అది మైదానమంతా పరుచుకుని ఉంటుందని ఊహించుకుని వచ్చినవారు నిరాశపడతారు. రాళ్ల సందుల్లో, ఒంటరిగా, ముళ్ల వంటి నూగుతో నిలబడి ఉంటుంది, చూపించేవారు లేకపోతే పక్కనుంచే దాటిపోతాము. ఆగస్టు వచ్చేసరికి అడవి బాల్సంలు మనిషి ఎత్తున పెరిగి గులాబీ రంగులో వాలులన్నీ కప్పేస్తాయి, నది ఒడ్డున ఎపిలోబియంలు పూస్తాయి. దూరం నుంచి తీసే ఫొటోలకు ఆగస్టు, దగ్గర కూర్చుని రకాలు లెక్కపెట్టుకునేవారికి జులై చివరి వారం బాగుంటాయని నా అభిప్రాయం.

ఇందుకే గైడ్ విషయంలో పైన ఇద్దరూ చెప్పినదానికి కొంచెం భిన్నంగా చెబుతాను. దారి చూపడానికి గైడ్ అక్కర్లేదు, పూలు చూపడానికి కావాలి. హరిద్వార్ నుంచి మీతో వచ్చే యువకుడికి సాధారణంగా పది పూల పేర్లకు మించి తెలియవు. ఘాంఘ్రియాలో పుల్నా, భ్యుండార్ గ్రామాలకు చెందినవారు గైడ్లుగా పనిచేస్తారు, ఏ రాయి వెనక ఏమి పూస్తుందో వారికి తెలుసు. 1931లో కామెట్ శిఖరం ఎక్కి తిరిగి వస్తూ బ్రిటిష్ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్ ఈ లోయను ‘కనుగొన్నాడు’ అని ప్రతి కరపత్రంలోనూ రాస్తారు గానీ, వీరి తాతముత్తాతలు అప్పటికే తరతరాలుగా అక్కడ గొర్రెలు మేపుకుంటున్నారు. 1982లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించాక ఆ మేత ఆగిపోయింది. ఆ తర్వాత పాలిగోనం అనే తెల్లపూల మొక్క విపరీతంగా వ్యాపించి చిన్న మొక్కలకు చోటు లేకుండా చేసిందని, మేత ఆపడమే అందుకు కారణమని కొందరు అంటారు, కారణం అది కాదని మరికొందరు వాదిస్తారు. అటవీ శాఖ మాత్రం దాన్ని పీకించే పని చేయిస్తూనే ఉంది. ఆగస్టులో మీకు తెల్లగా నురగలా కనిపించే వాలుల్లో చాలావరకు ఈ పాలిగోనమే. కొత్తవారు దాన్నే ఎక్కువగా ఫొటోలు తీసుకుంటారు!

500కు పైగా మొక్కల జాతులను నమోదు చేసిన చోటు ఇది. 1939లో మొక్కల సేకరణకు వచ్చి కాలుజారి మరణించిన జోన్ మార్గరెట్ లెగ్గి సమాధి లోయ లోపల ఉంది. అక్కడిదాకా నడిస్తే లోయలో మంచి భాగం చూసినట్టే.

బ్రహ్మకమలం కోసం మాత్రం లోయలో వెతకకండి. మన బాల్కనీల్లో కుండీల్లో రాత్రిపూట పూసేది మెక్సికో ప్రాంతపు కాక్టస్ జాతి. హిమాలయాల బ్రహ్మకమలం చామంతి కుటుంబానికి చెందిన వేరే మొక్క, అది హేమకుండ్ దారిలో పైభాగాన ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కనిపిస్తుంది. కోయడం నిషిద్ధం.

స్టెతస్కోపు:

నేను హైదరాబాదులో జనరల్ ఫిజీషియన్‌ను. మీ నాన్నగారిని పరీక్షించకుండా వెళ్లవచ్చనో వద్దనో చెప్పను, ఆయనను చూసే వైద్యుడితో మాట్లాడేటప్పుడు ఏమి అడగాలో చెబుతాను.

కష్టమైన రోజు నాలుగోది. ఘాంఘ్రియా సుమారు 3,050 మీటర్ల ఎత్తులో ఉంది, హేమకుండ్ 4,329 మీటర్లు. ఆరు కిలోమీటర్లలో దాదాపు 1,280 మీటర్లు ఎక్కి అదే రోజు దిగాలి. తిరుపతి నుంచి తిరుమలకు కాలినడకన ఎక్కే ఎత్తు సుమారు 700 మీటర్లు అనుకుంటే, దానికి దాదాపు రెట్టింపు, అదీ ప్రాణవాయువు పలుచగా ఉన్నచోట. లోయ రోజు దీనితో పోలిస్తే చాలా తేలిక.

2,500 మీటర్లు దాటాక ఎవరికైనా ఎత్తు వల్ల అనారోగ్యం రావచ్చు, వ్యాయామం చేసేవారికి రాదన్న హామీ లేదు. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం మొదటి లక్షణాలు. అవి ఉండగా ఇంకా పైకి వెళ్లకూడదు. నడకలో తూలడం, మాట తడబడటం, కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం కనిపిస్తే మర్నాటిదాకా ఆగకుండా కిందికి దించాలి. ముందుజాగ్రత్తగా అసిటజోలమైడ్ మాత్రను తరచుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు సూచిస్తారు. సల్ఫా మందులు పడనివారి విషయంలో జాగ్రత్త అవసరం. రక్తపోటు మాత్రల్లో చాలావాటిలో మూత్రం ఎక్కువ చేసే మందు కలిసి ఉంటుంది, అసిటజోలమైడ్ కూడా అదే పని చేస్తుంది కాబట్టి రెండూ కలిసినప్పుడు ఒంట్లో నీరు తగ్గిపోయే ప్రమాదం ఉంది. మాత్రల అట్టను తీసుకెళ్లి వైద్యుడికి చూపించి అడగండి. రక్తపోటు మాత్రను మాత్రం ప్రయాణం పేరుతో మానకూడదు.

బీచ్ రోడ్డు చదునుగా ఉంటుంది. బయలుదేరే ముందు కొన్ని వారాలు సింహాచలం మెట్లు ఎక్కడమే కాదు, దిగడమూ అలవాటు చేయించండి, మోకాళ్ల సంగతి దిగేటప్పుడే తెలుస్తుంది.

సాగరతీరం:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. జులై చివరి వారానికే నిర్ణయించుకున్నాము. సంస్థవారిని దూన్‌వాసి గారు చెప్పిన మూడు ప్రశ్నలూ అడిగాను. మొదటిదానికి అదనపు రోజు ఖర్చు మాదేనని నిజాయితీగా చెప్పారు, మూడోదానికి సహాయ గైడ్ ఉంటాడన్నారు, కానీ లోయకు రెండో రోజు ఇవ్వడం కుదరదన్నారు. అందుకని రోడ్డు ప్రయాణానికి వాహనం విడిగా మాట్లాడుకుని, మందారం గారు చెప్పినట్టు ఘాంఘ్రియాలో స్థానిక గైడ్‌ను పెట్టుకుందామని అనుకుంటున్నాము. బదరీనాథ్‌ను రోడ్డు పరిస్థితిని బట్టి చూస్తాము.

ఒక్క సందేహం మిగిలింది. నాన్నగారు హేమకుండ్ కూడా చూడాలని పట్టుబడుతున్నారు. గాడిద మీద వెళితే శ్రమ ఉండదు కదా అంటున్నారు. అది సురక్షితమేనా?

స్టెతస్కోపు:

కాళ్లకు శ్రమ తగ్గుతుంది గానీ ఎత్తు తగ్గదు. నడిచేవారు అలసిపోయి ఆగి ఆగి వెళతారు, గాడిద మీద వెళ్లేవారు అంతకంటే త్వరగా 4,329 మీటర్లకు చేరుకుంటారు కాబట్టి శరీరానికి సర్దుకునే సమయం ఇంకా తగ్గుతుంది. లోయకు పెట్టుకున్న రెండు రోజులూ ముందుగా పూర్తిచేసి, ఘాంఘ్రియాలో మూడు రాత్రులు పడుకున్నాక, ఆ ఉదయం తలనొప్పి లేకుండా మామూలుగా టిఫిన్ తినగలిగితేనే బయలుదేరనివ్వండి. పైన బస ఉండదు, ఎలాగూ మధ్యాహ్నం కల్లా దింపేస్తారు. అక్కడ గంటకు మించి కూర్చోవలసిన పని లేదు.

దూన్‌వాసి:

దీనికి ఒక మాట చేరుస్తాను. ఎక్కేటప్పుడు గాడిద మీద వెళ్లినా, వాన పడుతుంటే దిగేటప్పుడు మాత్రం నడవడమే మంచిది, తడిసిన రాళ్ల మీద వాలుగా దిగే గాడిద మీద కూర్చోవడం అలవాటు లేనివారికి ప్రమాదం. రేటు బయలుదేరే ముందే మాట్లాడుకోండి. చేతికర్రలు రెండు తీసుకోండి, గొడుగు వద్దు, మోకాళ్ల కిందిదాకా వచ్చే వానకోటు కొనండి, నూలు బట్టలు తడిస్తే ఆరవు కాబట్టి అవి ఇంట్లోనే ఉంచండి. గురుద్వారాలో వేడి టీ, ఖిచిడీ పెడతారు. లోపలికి వెళ్లేటప్పుడు తల కప్పుకోవడానికి నాన్నగారి చేతిరుమాలు చాలు.