నైరోబీలో ఇల్లు: పార్క్‌లాండ్సా, సౌత్ సీనా, కిలిమానీనా?

కొత్తషిల్లింగు
వచ్చే నెల కుటుంబంతో నైరోబీ వస్తున్నాం. మా వారి ఆఫీసు ఇండస్ట్రియల్ ఏరియాలో, ఎంటర్‌ప్రైజ్ రోడ్డు మీద. మేమిద్దరం, ఆరేళ్ల పాప, మా అత్తగారు. ఆవిడ శాకాహారి, ఇంగ్లీషు రాదు. కారు వెంటనే కొనం. పార్క్‌లాండ్స్ తప్ప ఇంకెక్కడా వద్దని కొందరు, కిలిమానీలో కొత్త ఫ్లాట్లు చవకని కొందరు, సౌత్ సీ అయితే ఆఫీసు పక్కనే అని ఆఫీసు వాళ్లు అంటున్నారు. మ్యాపులో చూస్తే అన్నీ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. దేన్ని బట్టి తేల్చుకోవాలి? చేతిలో ఎంత పెట్టుకుని దిగాలి?

నల్లరేగడి
కిలోమీటర్లు పక్కన పెట్టండి. రోజూ ఊరి నడిబొడ్డు దాటాలా, అక్కర్లేదా అన్నదే ఇక్కడ లెక్క. పార్క్‌లాండ్స్, వెస్ట్‌లాండ్స్ ఊరికి వాయవ్యంలో ఉన్నాయి, మీ ఆఫీసు ఆగ్నేయంలో. మధ్యలో మ్యూజియం హిల్, ఉహురు హైవే, న్యాయో స్టేడియం దగ్గరి రౌండబౌట్. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిది దాకా ఆ దారి నిండిపోతుంది. వాన పడితే ఇక చెప్పక్కర్లేదు. 2022లో తెరిచిన ఎక్స్‌ప్రెస్‌వే 27 కిలోమీటర్లు, మ్లొలొంగో నుంచి వెస్ట్‌లాండ్స్ దాకా పైనుంచి పోతుంది. కారు, టాక్సీ అయితే టోల్ కట్టి తప్పించుకోవచ్చు, కానీ దిగే చోట కార్ల బారు మామూలే. బోడాబోడాలను, అంటే బైకు టాక్సీలను, పైకి రానివ్వరు.

సౌత్ సీ పక్కపేట సౌత్ బీ అయితే మొంబాసా రోడ్డుకి మీ ఆఫీసు వైపే ఉంటుంది. సౌత్ సీ ఆ రోడ్డుకి అవతల, విల్సన్ ఎయిర్‌పోర్ట్ పక్కన. చిన్న విమానాలు నెత్తి మీదుగా పోతుంటాయి, పగలు ఇంట్లో ఉండేవాళ్లకి అదో గోల. అంతకంటే పెద్ద సంగతి నేల. నైరోబీకి పడమర అంతా ఎర్రమట్టి, తూర్పు దక్షిణాలు నల్లరేగడి. గుంటూరు, కర్నూలు వాళ్లకి నల్లరేగడి గురించి నేను చెప్పేదేముంది, నీళ్లు ఇంకవు, నిలబడతాయి. సౌత్ సీలో కొన్ని వీధులు గట్టి వానకే మునుగుతాయి. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చిన్న వానలు. ఎండాకాలంలో ఇల్లు చూసి మురిసిపోతే ఏప్రిల్లో తెలుస్తుంది.

చూడడం సులువే. ప్రహరీ గోడకి బయటి వైపు అడుగు, అడుగున్నర ఎత్తులో అడ్డంగా మట్టి గీత ఉందేమో చూడండి. కొత్తగా రంగేసి ఉంటే పక్కింటి గోడ చూడండి, అందరూ ఒకేసారి వేయించరు కదా. గేటు దగ్గర కొత్తగా కట్టిన సిమెంటు దిమ్మ, బేస్‌మెంటు పార్కింగులో నీళ్లు తోడే మోటారు, ఇవి కూడా గుర్తులే. గ్రౌండ్ ఫ్లోర్ మాత్రం వద్దు.

పార్క్‌లాండ్స్ పిన్ని
ఆఫీసుకి పోయేది ఒక్కరు, రోజంతా ఇంట్లో ఉండేది ఇద్దరో ముగ్గురో. ఆ లెక్క ఎవరూ వేయరేం? మీ అత్తగారికి ఇంగ్లీషు రాదన్నారు. పార్క్‌లాండ్స్‌లో హైరిడ్జ్ చుట్టుపక్కల, డైమండ్ ప్లాజా దుకాణాల్లో హిందీ, గుజరాతీ నడుస్తాయి. సౌత్ బీలో, కిలిమానీలో ఆవిడ ఒక్కరే బయటికెళ్లి కొత్తిమీర కూడా తెచ్చుకోలేరు. ఆగా ఖాన్ ఆసుపత్రి థర్డ్ పార్క్‌లాండ్స్ అవెన్యూలోనే, ఎం.పి. షా ఆసుపత్రి శివాచీ రోడ్డులో. పెద్దవాళ్లున్న ఇంటికి ఇవి చిన్న విషయాలు కావు.

కూరల బెంగ అక్కర్లేదు. కాకర, సొర, బెండ, మెంతికూర ఇక్కడే పండుతాయి. కాకపోతే గుజరాతీ పేర్లతో అడగాలి, సొరకాయని దూధీ అంటారు. తోటకూరకి మాత్రం ఇక్కడివాళ్ల మాట 'తెరెరె' అనండి. పెసలు 'ండెంగు', కందులు 'ంబాజీ', చింతపండు 'ఉక్వాజు'. బియ్యమే తేడా. ఇక్కడి మ్వేయా పిషోరీ వాసన బియ్యం, పెరుగన్నానికి, పులిహోరకి పొసగదు. సోనా మసూరి దొరికినప్పుడు రెండు బస్తాలు ఎక్కువ తీసుకోవడం మేలు. కుక్కర్ తప్పకుండా తెచ్చుకోండి. ఊరు దాదాపు 1,700 మీటర్ల ఎత్తులో ఉంది, నీళ్లు 94 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మూత పెట్టిన గిన్నెలో కందిపప్పు ఉడకడానికి చాలాసేపు పడుతుంది.

పార్క్‌లాండ్స్ అంతా ఒకటే అనుకోకండి. లిమూరు రోడ్డు వెంబడి ఇళ్లకి బస్సుల మోత. లోపల అవెన్యూలు నెమ్మదిగా ఉంటాయి, కానీ పాత బంగళాలు కూలగొట్టి అపార్ట్‌మెంట్లు లేపుతున్నారు. పక్క స్థలానికి రేకులు కట్టి ఉంటే రెండేళ్లు కాంక్రీటు మిక్సరు పాట వినాలి. అద్దె తగ్గాలంటే న్గారా చూడొచ్చు. అదీ పాత భారతీయుల పేటే, కానీ ఇప్పుడు బజారు ముదిరింది, పగలు ఊపిరాడదు. స్వామినారాయణ గుడి అటువైపే, ఇప్పుడు వంగారి మాతాయి పేరు పెట్టిన పాత ఫారెస్ట్ రోడ్డులో.

టోకెన్ మీటర్
పిన్నిగారు చెప్పింది సరే. కానీ పేట ఏదైనా ఇంటిని తేల్చేది నీళ్లే. కార్పొరేషన్ నీళ్లు చాలా పేటలకి వారంలో కొన్ని రోజులే వస్తాయి. మిగతా రోజులు బోరు, లేదంటే 10,000 లీటర్ల ట్యాంకరు. ఏజెంటు "నీళ్లకి ఢోకా లేదు" అంటాడు, ఆ మాట పట్టించుకోకండి. కేర్‌టేకర్‌ని మూడు ప్రశ్నలడగండి: కింద సంపు ఎంత, ఫ్లాట్లెన్ని, పోయిన నెల ట్యాంకర్లు ఎన్ని వచ్చాయి.

లెక్క ఇలా. నలుగురున్న ఇంటికి రోజుకి 600 లీటర్లు వేసుకోండి. 24 ఫ్లాట్లంటే 14,400. సంపు 50,000 లీటర్లదైతే నిండా ఉన్నా మూడున్నర రోజులు. కొళాయి వారానికి రెండు రోజులే వచ్చే వీధిలో అది చాలదు. ఆ లోటు ట్యాంకరుతో పూడుస్తారు, ఆ ఖర్చు సర్వీస్ చార్జిలోకో విడిగా బిల్లులోకో వస్తుంది. ఎందులోకో రాతలో తీసుకోండి.

పై అంతస్తు ఫ్లాటైతే పొద్దున ఏడింటికి వెళ్లి బాత్రూము షవర్ తిప్పి చూడండి. ఇక్కడ చాలా ఇళ్లలో గీజరు ఉండదు, షవర్ తలలోనే హీటరు ఉంటుంది. ధార సన్నగా ఉంటే అది అంటుకోదు, చన్నీళ్లే. ధార బాగుంటే 5 కిలోవాట్ల పైన లాగుతుంది, పది నిమిషాల స్నానానికి దగ్గరదగ్గర ఒక యూనిట్. కరెంటు ముందే డబ్బు కట్టి టోకెన్ అంకెలు మీటర్లో కొట్టే పద్ధతి. తాళాలు తీసుకునే రోజే ఎం-పెసాలో (ఇక్కడ ఫోన్‌తో డబ్బు కట్టే పద్ధతి) చిన్న టోకెన్ కొని కొట్టి చూడండి. కట్టిన డబ్బుకి యూనిట్లు మరీ తక్కువ వస్తే ఆ మీటరు మీద పాత బాకీ ఉందేమో ఆరా తీయండి.

'జనరేటర్ బ్యాకప్' అన్న మాటకి రెండర్థాలున్నాయి. ఒకటి ఇంట్లో ప్లగ్గులకి కూడా, రెండోది లిఫ్టు, మెట్ల దీపాలకి మాత్రమే. రెండోదే ఎక్కువ.

కొత్తషిల్లింగు
ఒక ఫ్లాటుకి సొంత బోరు ఉంది, 24 గంటలూ నీళ్లన్నారు. అయితే నిశ్చింతేనా?

టోకెన్ మీటర్
స్నానానికి, బట్టలకి నిశ్చింతే. తాగడానికి కాదు. నైరోబీ బోర్లలో చాలావాటికి ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే మంచిది కాదు. నల్గొండ పేరు విన్నవాళ్లకి దీని సంగతి వేరే చెప్పాలా? మన నల్గొండ పేరుతోనే ఉన్న పటిక, సున్నం పద్ధతిని తూర్పు ఆఫ్రికాలో కూడా వాడి చూశారు. పాపకి ఆరేళ్లన్నారు, పాలపళ్లు ఊడి అసలు పళ్లు వచ్చే వయసు. ఇప్పుడే జాగ్రత్త పడాలి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టరుకీ లొంగదు. ఆర్.ఓ. పెట్టండి, లేదా 20 లీటర్ల డబ్బా నీళ్లు తెప్పించండి. అన్నం, పప్పు వండేది కూడా ఆ నీళ్లతోనే. చాలామంది తాగే నీళ్లు మార్చి వంట నీళ్లు మరిచిపోతారు.

యాయా మూల
కిలిమానీని ఇంతమంది వదిలేశారు కాబట్టి ఒక మాట. ఆఫీసు అప్పర్ హిల్‌లోనో ంగోంగ్ రోడ్డులోనో ఉన్నవాళ్లకి అదే మంచిది. కొత్త కట్టడాలు, లిఫ్టు, ఫైబర్ ఇంటర్నెట్, సూపర్‌మార్కెట్ నడక దూరంలో. పిల్లల్లేని జంటకి కళ్లు మూసుకుని చెప్తాను. మీకు మాత్రం కుదరదు, ఆఫీసూ అటు కాదు, అత్తగారికి తోడూ దొరకదు. అక్కడ తీసుకునేవాళ్లు శుక్రవారం రాత్రి పదకొండింటికి ఒకసారి ఆ వీధికి వెళ్లి నిలబడండి. పగలు ప్రశాంతంగా కనిపించే గల్లీ చివర బార్ ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది. వెస్ట్‌లాండ్స్‌లో వుడ్‌వేల్ గ్రోవ్, ంపాకా రోడ్డు చుట్టుపక్కలకీ ఇదే పరీక్ష.

కిలెలెష్వా, కిలిమానీల్లో వాగు అంచున ఉన్న అపార్ట్‌మెంట్లు చూడ్డానికి పచ్చగా ఉంటాయి. 2024 ఏప్రిల్–మే వరదల తర్వాత నదుల గట్టుకి 30 మీటర్ల లోపు కట్టినవాటిని ఖాళీ చేయమని ప్రభుత్వం చెప్పింది. వెనక కిటికీ లోంచి నీళ్లు కనిపిస్తే ఆ ఇల్లు వద్దు.

నల్లరేగడి
డబ్బు సంగతి. అద్దె 90,000 షిల్లింగులనుకుందాం. మొదటి నెల 90,000, డిపాజిట్ ఇంకో 90,000. కొందరు రెండు నెలలది అడుగుతారు, ఖరీదైన ఇళ్లకి మూడు నెలల అద్దె ముందే కట్టమంటారు. ఆ పైన నీళ్ల డిపాజిట్, అగ్రిమెంటు ఖర్చు. సర్వీస్ చార్జి అద్దెలో కలిసిందో లేదో మొదటి ఫోన్‌లోనే అడగండి. నా లెక్కలో మూడు నెలల అద్దె చేతిలో ఉండాలి, ఇంట్లో సామాను కాకుండా. అన్‌ఫర్నిష్డ్ అంటే గోడ బీరువాలుంటాయి, పొయ్యి, ఫ్రిజ్, కర్టెన్లు ఉండవు. గ్యాసు 6 కిలోలు, 13 కిలోల సిలిండర్లు. ఇండియా రెగ్యులేటర్ మోసుకురాకండి, ఇక్కడిదే కొనాలి.

ఇల్లు చూపించినందుకు ఏజెంట్లు 'వ్యూయింగ్ ఫీజు' అడుగుతారు, అది మామూలే. ఇల్లు చూడకముందే "వేరేవాళ్లు వస్తున్నారు, బుకింగ్‌కి కొంత పంపండి" అంటే అది మోసం. డిపాజిట్ ఏజెంటు సొంత ఎం-పెసా నంబరుకి పంపొద్దు. అగ్రిమెంటులో ఉన్న యజమాని పేరుకో నిర్వహణ కంపెనీ ఖాతాకో వెళ్లాలి. తాళాలు తీసుకున్న రోజే గోడలు, సింకు, కిటికీ గొళ్లేలు ఫొటో తీసి కేర్‌టేకర్‌కి పంపి పెట్టుకోండి. ఖాళీ చేసేటప్పుడు రంగు ఖర్చని డిపాజిట్‌లో కోసేది అక్కడే.

మీ వాళ్లది పాత కంపెనీ అయితే పార్క్‌లాండ్స్, న్గారా వైపు నుంచి స్టాఫ్ వ్యాను నడుస్తోందేమో కనుక్కోండి. ఉందంటే మీ ప్రశ్నకి సగం జవాబు దొరికినట్టే.

పార్క్‌లాండ్స్ పిన్ని
వ్యాను కంటే ముందు బడి బస్సు. బ్రిటిష్ సిలబస్ బళ్లు సెప్టెంబరులో, కెన్యా సిలబస్ బళ్లు జనవరిలో మొదలవుతాయి, మన జూన్ లెక్క కుదరదు. బడి ఖాయం చేసుకుని, వాళ్ల బస్సు ఏ వీధికి ఎన్నింటికి వస్తుందో రాయించుకుని, అప్పుడు ఇల్లు వెతకండి. మొదటి స్టాపైతే ఆరుంబావుకే పాపని నిలబెట్టాలి.

ఇండియా నుంచే అగ్రిమెంటు మాత్రం చేయొద్దు. మూడు నాలుగు వారాలు పార్క్‌లాండ్స్‌లో సామానుతో ఉన్న ఫ్లాటు తీసుకోండి. ఆ వారాల్లో వారం మధ్య రోజున మీ వారు రెండు పేటల నుంచీ ఆఫీసుకి వెళ్లి రావాలి.

కొత్తషిల్లింగు
సరే పిన్నిగారూ, వ్యాను సంగతి రేపే అడుగుతాను. లేకపోతే సౌత్ బీ కూడా చూస్తాం. వాస్తు ప్రకారం ఉత్తరం వైపు కిటికీలున్న ఫ్లాటు దొరికితే తీసుకోమంటున్నారు అత్తగారు. అక్కడ అది వెలుతురుకి పనికొస్తుందా?

టోకెన్ మీటర్
ఆవిడ మాటే వినండి. మనకి చలికాలం ఎండ దక్షిణం నుంచి వస్తుంది, నైరోబీ భూమధ్యరేఖకి కాస్త కింద ఉంది. ఇక్కడ చలి జూన్ నుంచి ఆగస్టు దాకా, అప్పుడు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. దక్షిణం గదుల్లో ఆ మూడు నెలలూ బట్టలు రెండు రోజులకి గానీ ఆరవు. గదులు వేడెక్కించే హీటర్లు ఇళ్లలో ఉండవు. ఆవిడకి స్వెట్టరుతో పాటు మేజోళ్లు కూడా పెట్టండి, ఇక్కడ నేలంతా టైల్సే.