డీజీ (డీజిల్ జనరేటర్) ఆగి ఉన్నా దాని న్యూట్రల్ ఎర్త్ పట్టీలో 6 ఆంప్స్: మూడు పోల్ చేంజ్ ఓవర్ వల్లేనా?

క్లాంప్‌మీటర్:
అపార్ట్‌మెంట్‌కి సొంత ట్రాన్స్‌ఫార్మర్: 250 కేవీఏ, 11 కేవీ/433 వోల్టులు, డీవైఎన్ 11 (డెల్టా-స్టార్, స్టార్ పాయింట్ నుంచి న్యూట్రల్ బయటికి తీసినది). పక్కనే 125 కేవీఏ డీజీ. ఎల్‌టీ (లో టెన్షన్) ప్యానెల్లో మూడు పోల్ చేంజ్ ఓవర్ (మెయిన్స్ నుంచి డీజీకి మూడు ఫేజులను మాత్రమే తిప్పే స్విచ్), న్యూట్రల్ బస్‌బార్ రెండింటికీ ఒకటే. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కి రెండు ఎర్త్ పిట్లు, డీజీ న్యూట్రల్‌కి రెండు, బాడీలకు వేరే. అన్నీ నేలలో జీఐ పట్టీతో కలిపేశారు.

మెయిన్స్ ఇన్‌కమర్ మీద 300 మిల్లీఆంప్స్‌కి పెట్టిన ఎర్త్ లీకేజ్ రిలే సాయంత్రం ఏడు దాటితే ట్రిప్ అవుతోంది. పగలు ఏమీ లేదు. కేబుళ్ల మెగ్గర్ (ఇన్సులేషన్ టెస్ట్) రీడింగ్ బాగుంది. డీజీ ఆపి ఉన్నప్పుడు దాని న్యూట్రల్ పట్టీకి క్లాంప్ పెడితే 6 ఆంప్స్! కాంట్రాక్టరేమో రిలేని 3 ఆంప్స్‌కి పెంచేద్దామంటున్నాడు. ఇంకొకాయన డీజీ ఎర్త్ పీకేయమంటున్నాడు. ఏది కరెక్ట్?

ఎల్‌టీప్యానెల్:
రెండూ కాదండీ. రిలే తన పని తాను సరిగ్గానే చేస్తోంది.

సాయంత్రం ఏసీలు, గీజర్లు పడగానే మూడు ఫేజుల మీద లోడ్ ఎగుడుదిగుడై న్యూట్రల్‌లో కరెంట్ పెరుగుతుంది. ఆ కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి తిరిగి వెళ్లడానికి మీ దగ్గర రెండు దారులున్నాయి: ఒకటి న్యూట్రల్ కేబుల్, రెండోది డీజీ న్యూట్రల్ మీదుగా ఎర్త్ పట్టీలోకి దిగి, నేలలోని జీఐ పట్టీ గుండా ట్రాన్స్‌ఫార్మర్ స్టార్ పాయింట్‌కి. రెండో దారిలో పోయింది రిలే సీబీసీటీ (ఫేజులు, న్యూట్రల్ అన్నీ కలిపి లోపలి నుంచి వెళ్లే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ రింగ్) గుండా వెనక్కి రాదు కాబట్టి దానికది లీకేజీలాగే కనబడుతుంది. 3 ఆంప్స్‌కి పెంచినా 6 ముందు నిలవదు, పైగా అసలైన ఫాల్ట్ వస్తే దాచేసినట్టవుతుంది.

డీజీ ఎర్త్ పీకేస్తే మెయిన్స్ మీద ట్రిప్పులు ఆగుతాయి, నిజమే. కానీ ఎప్పుడైనా ట్రాన్స్‌ఫార్మర్ వైపు న్యూట్రల్ లింక్ విప్పి, డీజీ మీద బిల్డింగ్ నడిపారనుకోండి, న్యూట్రల్ గాలిలో వేలాడుతుంది. అప్పుడు ఫేజ్ బాడీకి తగిలినా తిరుగుదారి ఉండదు, ఫ్లాట్లలో ఆర్‌సీసీబీలు (లీకేజీకి పడే బ్రేకర్లు) పడవు.

మందు నాలుగు పోల్ చేంజ్ ఓవర్, అంటే ఫేజులతో పాటు న్యూట్రల్‌నీ తిప్పేది. ప్యానెల్లో రెండు సోర్సుల న్యూట్రళ్లు ఎప్పుడూ కలవకూడదు. ఏ సోర్స్ న్యూట్రల్‌కి దాని ఎర్త్ కనెక్షన్ ఉండాలి.

పిట్‌నంబర్4:
పైన చెప్పింది సరే, కొనేటప్పుడు కొన్ని చూసుకోండి. డీజీ ఫుల్ లోడ్ 174 ఆంప్స్, కాబట్టి అటు 200 ఆంప్స్; ట్రాన్స్‌ఫార్మర్ 333 ఆంప్స్, ఇటు 400. న్యూట్రల్ పోల్ పూర్తి రేటింగ్‌ది తీసుకోండి, సగం రేటింగ్‌ది వద్దు. ఎల్‌ఈడీలు, ఇన్వర్టర్ ఏసీల మూడో హార్మోనిక్స్ (50 హెర్ట్జ్‌కి మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ కరెంట్లు) మూడు ఫేజుల నుంచీ వచ్చి న్యూట్రల్లో కూడుకుంటాయి.

కలిసేటప్పుడు న్యూట్రల్ ముందు కలవాలి, విడిపోయేటప్పుడు ఆఖరున విడిపోవాలి. మూడు పోల్ కాంటాక్టర్‌కి పక్కన విడి కాంటాక్టర్‌తో న్యూట్రల్ తిప్పే వాళ్లున్నారు, అది మాత్రం చేయించకండి. న్యూట్రల్ ముందు ఊడితే సింగిల్ ఫేజ్ లోడ్ల మీద 415కి దగ్గరగా వోల్టేజ్ పడొచ్చు. టీవీలు, ఫ్రిజ్ బోర్డులు పోతాయి.

పని అయ్యాక మెయిన్స్ మీద నడుస్తుండగా పట్టీకి మళ్లీ క్లాంప్ పెట్టండి. సున్నాకి దగ్గరగా రాకపోతే ఏఎంఎఫ్ ప్యానెల్ (మెయిన్స్ పోతే డీజీని దానంతటదే స్టార్ట్ చేసేది) తెరవండి. బ్యాటరీ ఛార్జర్‌కి మెయిన్స్ న్యూట్రల్ వస్తుంది. వైర్‌మన్ దాన్ని ఆల్టర్నేటర్ న్యూట్రల్‌తో ఒకే టెర్మినల్లో బిగించేసి ఉంటాడు. ఆ సన్న వైరు చాలు, రెండు న్యూట్రళ్లూ మళ్లీ కలిసిపోతాయి.

క్లాంప్‌మీటర్:
థ్యాంక్స్ అన్నా. డీజీ న్యూట్రల్ పిట్లు, బాడీ పిట్లు కింద పట్టీతో కలపకుండా విడిగా వదిలేస్తే ఇంకా శుభ్రంగా ఉంటుంది కదా?

ఎల్‌టీప్యానెల్:
వద్దు. లెక్క చూడండి. న్యూట్రల్ వైపు 2 ఓమ్స్, బాడీ వైపు 2 ఓమ్స్ అనుకుంటే 240 వోల్టులకు ఫాల్ట్ కరెంట్ 60 ఆంప్స్. 200 ఆంప్స్ ఎంసీసీబీ (బ్రేకర్) కదలదు. బాడీ మీద 120 వోల్టులు అలాగే నిలబడి ఉంటుంది. బ్రేకర్ పడాలంటే లోహపు దారే కావాలి, మట్టిని నమ్ముకోకూడదు. న్యూట్రల్ పట్టీ ఆల్టర్నేటర్ టెర్మినల్ నుంచి పిట్ దాకా బాడీకి తగలకుండా ఇన్సులేటర్ల మీద పోవాలి, కలపడం పిట్ల దగ్గరే.

న్యూట్రల్‌కి రెండు వేర్వేరు ఎర్త్ కనెక్షన్లు తప్పనిసరి. పిట్ల మధ్య ఎలక్ట్రోడ్ పొడవుకి రెట్టింపు దూరం ఉంచండి, పైపు 2.5 మీటర్లైతే 5 మీటర్లు. పిట్ రెసిస్టెన్స్ కొలవడానికి లింక్ విప్పాలంటే ఆ సోర్స్‌ని ఆపి, తాళం వేశాకే.

పిట్‌నంబర్4:
ఇంకోటి. మామూలు షంట్ ఏవీఆర్ (ఆల్టర్నేటర్ సొంత వోల్టేజ్ నుంచే పవర్ తీసుకునే వోల్టేజ్ రెగ్యులేటర్) ఉన్న ఆల్టర్నేటర్‌లో షార్ట్ సర్క్యూట్ పడగానే వోల్టేజ్ కూలిపోయి ఫాల్ట్ కరెంట్ కూడా పడిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ మీద టక్కున పడే బ్రేకర్ డీజీ మీద పడకపోవచ్చు. అందుకే డీజీకి కూడా విడిగా ఎర్త్ ఫాల్ట్ రిలే పెట్టండి. సీబీసీటీ డీజీ అవుట్‌గోయింగ్ కేబుల్ మీద, న్యూట్రల్-ఎర్త్ లింక్ దాటాక, నాలుగు కోర్లూ లోపలి నుంచి వెళ్లేలా. న్యూట్రల్ పట్టీ మీదే సీటీ పెట్టాలనుకుంటే మాత్రం రెండుగా చీలకముందే పెట్టాలి. చీలాక ఒక పట్టీకే పెడితే ఫాల్ట్ కరెంట్‌లో కొంత రెండో పట్టీలో పోతుంది, రిలేకి తెలియదు.