గగుర్పాటు అంటే భయమేనా?

మొన్న రాత్రి ఒక కథ చదువుతున్నా. తండ్రి పోయిన నాలుగో రోజు కొడుకు ఆయన కళ్ళజోడు చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ డబ్బాలో పెట్టేస్తాడు, అంతే, ఏడుపు లేదు, డైలాగ్ లేదు. నా ముంజేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి, పుస్తకం బోర్లించి కాసేపు అలాగే కూర్చుండిపోయా. ఫ్రెండ్‌కి "గగుర్పాటు కలిగిందిరా" అని మెసేజ్ పెడితే "ఏంటి, దెయ్యం కథా?" అన్నాడు 😀

వాడి తప్పేం లేదులెండి, న్యూస్‌లో గగుర్పొడిచే అన్నారంటే వెనకాలే హత్యో యాక్సిడెంటో రావాల్సిందే. కానీ అందులో ఉన్న పొడవడం కత్తితో పొడవడం కాదు కదా, పొద్దు పొడిచింది, చుక్క పొడిచింది అంటామే, ఆ పొడవడం. ఒంటి మీద మొలకలు లేచినట్టు. భయమా సంతోషమా అన్నది మాటలో ఎక్కడా లేదు, మనమే తగిలించాం.

సంస్కృతంలోనూ అంతే, హర్షం అన్న మాటకి మూలమైన హృష్ ధాతువుకి సంతోషించడం ఒక అర్థమైతే రోమాలు నిక్కబొడుచుకోవడం ఇంకోటి. పురాణాలు చెప్పే సూతుడి పేరే రోమహర్షణుడు, ఆయన చెప్తుంటే వినేవాళ్ళకి రోమాలు లేచేవి కాబట్టి ఆ పేరు. నాట్యశాస్త్రంలో 8 సాత్త్విక భావాల్లో, అంటే మనసులోది ఒంటి మీద బయటపడే గుర్తుల్లో, రోమాంచం ఒకటి, దానికి కారణాలు చెప్పేటప్పుడు భయం, చలి, హర్షం అన్నీ ఒకే వరసలో పెట్టేశారు. ఒంటికీ తేడా తెలీదు, ఏ కారణానికైనా వెంట్రుక మొదట్లో బిగుసుకునేది అదే చిన్న కండరం.

పులకింత అనొచ్చుగా అని కింద కామెంట్లో ఒకరు అడిగారు. అనొచ్చు, కానీ నా చెవికి పులకింతలో ఒక నవ్వుంది, ఆ కళ్ళజోడు దగ్గర నవ్వెక్కడిదండీ? జలదరింపు అంటే చలిగాలి తగిలినట్టుంటుంది. గూస్‌బంప్స్ సంగతి సరే, ట్రైలర్ల కింద కామెంట్లలో అరిగిపోయింది, పైగా అది ఈకలు పీకిన బాతు చర్మం! మన మొలకలే నయం. నేనైతే గగుర్పాటునే వాడతా, ఎవరేమనుకున్నా.

అన్నట్టు ఇవాళ అమ్మకి ఆ పేరా చదివి వినిపిద్దామని కూర్చున్నా. చొక్కా అంచు దాకా బానే వచ్చింది, తర్వాత గొంతులో జీర. తనే పుస్తకం లాక్కుని మిగతాది చదువుకుంది. నాట్యశాస్త్రం లెక్కలో దీన్ని స్వరభేదం అంటారు గానీ, జీర అన్న మాట ముందు అదేం నిలబడుతుంది చెప్పండి.