పద్నాలుగేళ్ల అబ్బాయికి ఇక ముందు ఏ పుస్తకం ఇవ్వాలి?

ప్రశ్న (ఒక తల్లి, నల్లకుంట)

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఇంగ్లీషు మీడియంలో తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. తెలుగు ఒక సబ్జెక్టుగా ఉంది కాబట్టి అక్షరాలు వచ్చు, కాని ఒత్తులు వరుసగా వస్తే తడబడతాడు. పాఠ్యపుస్తకం తప్ప మరొక పుస్తకాన్ని తనంతట తాను తెరవడం ఈ ఏడాది వరకు నేను చూడలేదు. పోయిన పుట్టినరోజుకు బంధువులు తెచ్చిన వ్యక్తిత్వ వికాస పుస్తకాలు 5, పైన చుట్టిన ప్లాస్టిక్ కాగితం కూడా విప్పకుండా అలమారలోనే ఉన్నాయి.

ఈ దసరాకు ముందు హనుమకొండలో మా అత్తగారికి కంటి శుక్లాల ఆపరేషన్ జరిగింది. కొన్నాళ్లు కంటికి శ్రమ ఇవ్వవద్దని డాక్టరు చెప్పడంతో, ఆవిడ తాను బైండు చేయించి దాచుకున్న పాత చందమామలను మధ్యాహ్నం పూట చదివి వినిపించమని మనవణ్ణి అడిగారు. మొదటి రోజు ఒక పేజీకి పావుగంట పట్టింది. వరుస కింద వేలు పెట్టుకొని చదువుతూ, 'శిథిలం' అన్న మాట దగ్గర ఆగిపోయి, నానమ్మ మంచం మీద కళ్లు మూసుకొనే ఆ మాట అందిస్తే మళ్లీ అందుకొని, చెమటలు పట్టేదాకా చదివాడు. మూడో రోజున చూస్తే వేలు పెట్టడం మానేశాడు. వాడు చదివినది రాకాసిలోయ సీరియల్. ఐదో రోజుకు ఆ సంపుటం అయిపోయింది, దాని తరువాతి సంపుటాన్ని చెదలు తినేశాయి. ఆ రాత్రి అన్నం తింటూ, "అమ్మా, ఆ తరువాత ఏమైందో ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు ఒక పుస్తకం గురించి నన్ను అడగడం అదే మొదలు.

ఇప్పుడు నేను తొందరపడి ఏదో ఒకటి చేతిలో పెట్టి ఆ ఆసక్తిని పాడుచేస్తానేమోనని భయంగా ఉంది. మా వారు వేయిపడగలు మొదలుపెట్టిద్దామంటున్నారు. మా అన్నయ్య కలాం గారి ఆత్మకథ ఇమ్మంటున్నాడు. వాటి గొప్పతనం గురించి నాకు సందేహం లేదు, ఇది వాటికి సమయమా అన్నదే సందేహం. ఇలాంటి పిల్లలను దగ్గర నుంచి చూసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, ఉప్పల్)

అమ్మా, నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పాను. మీ అబ్బాయి తనకు ఏం కావాలో నోరు తెరిచి అడిగాడు కాబట్టి ముందు అదే తెచ్చి ఇవ్వండి. చందమామలో ఆ సీరియళ్లను రాసినది దాసరి సుబ్రహ్మణ్యం గారు. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి రెండు దశాబ్దాలకు పైగా రాసినా పత్రికలో ఆయన పేరు ఉండేది కాదు. చాలామందికి చిత్రా గారి బొమ్మలే గుర్తు. తరువాతి కాలంలో ఇవి పుస్తకాలుగా వచ్చాయి. నెలనెలా వెలువడిన రచనలు కాబట్టి ప్రతి భాగం కొద్ది పేజీలలో ముగుస్తుంది, ముగిసే చోట ఎవరో ఒకరు ఆపదలో ఉంటారు. వాక్యాలు పొట్టివి, మాటలు తేలిక, పేజీ పేజీకీ బొమ్మ ఆసరాగా ఉంటుంది. మెల్లగా చదివే పిల్లవాడు అలసిపోయే సమయానికి భాగం అయిపోతుంది, కాని కథ అయిపోదు. కొత్తగా చదివేవాడిని మరునాడు మళ్లీ పుస్తకం దగ్గరకు రప్పించడానికి ఇంతకంటే అనువైన అమరిక నాకు తెలియదు.

రాకాసిలోయ అయిపోయాక అదే రచయితవి మరో రెండు మూడు చదవనివ్వండి. ఒకే రకం పుస్తకాలు చదువుతున్నాడని దిగులు పడవద్దు, ఆ వయసులో చదివే వేగం అలాగే వస్తుంది.

ఆ తరువాత బారిష్టరు పార్వతీశం మొదటి భాగం ఇవ్వవచ్చు. మొక్కపాటి నరసింహశాస్త్రి గారు దాన్ని 1924లో ప్రచురించారు. మొగల్తూరు కుర్రవాడు ఇంగ్లండు వెళ్లి బారిష్టరు కావాలని ఇంట్లో చెప్పకుండా బయలుదేరి, దారిలో దొరలా కనబడాలని టోపీ కొంటే అది ఆడవాళ్ల టోపీ అవుతుంది. మా తరగతిలో ఆ ఘట్టం చదివినప్పుడు వెనక బెంచీ పిల్లలు కూడా తల ఎత్తేవారు. రెండు, మూడు భాగాలు చాలా ఏళ్ల తరువాత రాసినవి, వాటి తీరు వేరు, ఇప్పుడే అవసరం లేదు.

బుడుగు గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. ముళ్లపూడి వెంకటరమణ గారి రచన, బాపు గారి బొమ్మలు కదా అని అందరూ మొదట దాన్నే ఇస్తారు. అందులో మాటలన్నీ చిన్నపిల్లవాడు పలికినట్టే రాసి ఉంటాయి, అసలు మాట ఏమిటో తెలిసినవారికే అక్కడ నవ్వు వస్తుంది. ఒత్తుల దగ్గర ఇంకా తడబడే అబ్బాయి అది చూసి తనకే చదవడం రాలేదనుకుంటాడు. అందుకని బుడుగును ఎవరైనా పైకి చదివి వినిపించాలి, మీ అత్తగారి కళ్లు బాగుపడ్డాక ఈసారి ఆవిడ చదివి మనవడికి వినిపించవచ్చు.

వేయిపడగలు ఇప్పుడు వద్దమ్మా. దాదాపు వెయ్యి పేజీల నవల అది, ఆ పరిమాణమే వాణ్ణి వెనక్కి నెడుతుంది.

చివరగా నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. కొన్నేళ్లపాటు గ్రంథాలయ పీరియడులో పుస్తకం తిరిగి ఇచ్చే ప్రతి పిల్లవాడి చేతా కథాసారాంశం, అందులోని నీతి రాయించాను. అందరికంటే ఎక్కువ పుస్తకాలు తీసుకొనే ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరోజు ఖాళీ చేతులతో నిలబడి, "రాయక్కరలేదంటే ఇంకోటి తీసుకుంటాను సార్" అంది. అప్పటి నుంచి రాయించడం మానేశాను. మీ అబ్బాయిని "ఏం తెలుసుకున్నావు" అని అడగకండి.

జవాబు 2 (ఇంజనీరింగ్ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్)

అక్కా, మీ అబ్బాయి ఉన్న చోటే నేను ఐదారేళ్ల క్రితం ఉన్నాను. మాస్టారు చెప్పినవి అన్నీ ఇంటి పెద్దలు ఇష్టపడే పుస్తకాలు. నాకు దారి పడినది మరో చోట. మా నాన్న ఒక ఆదివారం నన్ను ఆబిడ్స్ తీసుకెళ్లారు. ఆ రోజు దుకాణాలు మూసి ఉంటాయి, వాటి ముందు కాలిబాట పొడవునా పాత పుస్తకాలు పరిచి అమ్ముతారు. నా చేతిలో 100 రూపాయలు పెట్టి, తాను వెళ్లి టీ తాగుతూ దూరంగా నిలబడ్డారు. నేను అట్ట మీద పిస్తోలు బొమ్మ చూసి కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ నవలలు మూడు కొన్నాను. నాన్న వాటిని చూసి ఏమీ అనలేదు. డిటెక్టివ్ యుగంధర్ హంతకుణ్ణి పట్టుకుంటాడో లేదో తెలియకుండా ఆ రాత్రి నిద్ర పట్టలేదు, రెండు వారాలలో మూడూ అయిపోయాయి.

పుస్తకం అంటే భయం పోయాక నన్ను కదిలించినది పెద్దింటి అశోక్ కుమార్ గారి జిగిరి. ఎలుగుబంటిని ఆడించి బతికే ఇమాం అనే మనిషి, ఇంట్లో బిడ్డలా పెరిగిన ఆ జంతువు, ఆ ఇంటికి వచ్చిన కష్టం, ఇదే కథ. చిన్న నవల, అందులో మనుషులు మా అమ్మమ్మ ఊళ్లోలా మాట్లాడతారు. పాఠ్యపుస్తకం భాష వేరు, ఇంటి భాష వేరు అనుకొని పెరిగిన నాకు ఆ మాటలు అచ్చులో కనిపించడం చాలా పెద్ద విషయం అనిపించింది. అయితే అది బాధపెట్టే కథ, చదివిన రోజు మీ అబ్బాయి ఎవరితోనూ మాట్లాడకపోతే కంగారు పడకండి. అదే వరుసలో మహమ్మద్ ఖదీర్‌బాబు గారి దర్గామిట్ట కతలు కూడా ఇవ్వవచ్చు. నెల్లూరు మాటలు మొదట కొత్తగా ఉంటాయి, రెండు కథలు పైకి చదివితే అలవాటవుతాయి. బీద ముస్లిం కుటుంబంలో ఒక పిల్లవాడి బాల్యం అందులో ఉంది, నవ్వు కూడా చాలా ఉంది.

జవాబు 3 (ఒక తండ్రి, మియాపూర్)

నాది కొంచెం వేరే అభిప్రాయం. మా అమ్మాయికి కూడా తెలుగు పుస్తకాలతోనే అలవాటు చేయాలని రెండేళ్లు పట్టుబట్టాను. ప్రతి వాక్యం దగ్గరా ఆగవలసి రావడంతో కథ తన చేతికి అందలేదు. తరువాత ఇంగ్లీషులో తనకు నచ్చినవి చదవనిచ్చాను, వాటి వెంట తెలుగు దానంతట అదే వచ్చింది. తనకు చేరువైన మొదటి తెలుగు పుస్తకం తోత్తోచాన్ కథ, రైలుబడి. జపాన్‌లో పాత రైలుపెట్టెలే తరగతి గదులుగా నడిచిన బడి గురించి, అక్కడ చదువుకున్న తెత్సుకో కురొయనాగి పెద్దయ్యాక రాసిన పుస్తకం అది. చిన్న చిన్న అధ్యాయాలు కావడం వల్ల రోజుకు రెండు చొప్పున చదివేది. మీ అబ్బాయి ఎప్పుడైనా తెలుగు పక్కన పెట్టి ఇంగ్లీషు పుస్తకం పట్టుకుంటే దయచేసి ఆపకండి.

జవాబు 4 (పుస్తకప్రియుడు, కాచిగూడ)

దొరికే చోట్ల గురించి మాత్రమే చెబుతాను. పైన చెప్పినవాటిలో చాలావరకు కాచిగూడ నవోదయ బుక్ హౌస్‌లో అడగవచ్చు. రైలుబడి వంటి పిల్లల పుస్తకాలకు తార్నాకలోని మంచి పుస్తకం వారిని అడగండి. డిసెంబరు దాకా ఆగగలిగితే పుస్తక ప్రదర్శన ఉంటుంది, అక్కడ అబ్బాయి స్వయంగా పేజీలు తిప్పి చూసుకోవచ్చు. చిక్కడపల్లి గ్రంథాలయం మీకు దగ్గరే, కాని పఠన మందిరం నిండా ఉద్యోగ పరీక్షలకు చదివేవారే ఉంటారు. వాళ్లను చూసి అది కూడా చదువుల చోటే అనుకుంటాడేమో, నేరుగా కథల పుస్తకాల బీరువాల దగ్గరికే తీసుకెళ్లండి.

ప్రశ్న అడిగిన తల్లి, మూడు వారాల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. రాకాసిలోయ కాచిగూడలో దొరికింది. ఇంటికి రాగానే వాడు మొదటి పేజీ తెరవకుండా, నానమ్మ దగ్గర ఆగిపోయిన చోటును వెతికి పట్టుకొని అక్కడి నుంచి చదివాడు. రోజూ రాత్రి 8 గంటలకు హనుమకొండకు ఫోను చేసి ఒక భాగం వినిపించేవాడు. మా అత్తగారు ఇప్పుడు అద్దాలు పెట్టుకొని చదవగలుగుతున్నారు, అయినా ఫోను వచ్చేదాకా కథ ముట్టుకోలేదట.

మియాపూర్ సోదరులు చెప్పినది గుర్తు పెట్టుకుంటాను. వాడు ఇప్పటికి తెలుగే కోరుకుంటున్నాడు కాబట్టి అలాగే సాగనిస్తున్నాను. మాస్టారు గారూ, పార్వతీశం మొదటి భాగం తెచ్చి టీవీ పక్కన పెట్టాను. నిన్న రాత్రి వాడి గదిలోంచి నవ్వు వినిపించింది. టోపీ దగ్గరికి వచ్చాడేమో అనుకున్నాను గాని, లోపలికి వెళ్లి అడగలేదు.