‘పొరుగువాడికి’: కరపత్రంలో మారిన గురజాడ మాట

విజయనగరం సభ్యుడు: మా డివిజన్‌లో కార్పొరేటర్‌గా పోటీ చేస్తున్న పెద్దాయన స్థానిక చరిత్రకారుడు. కోట కట్టిన 1713 నుంచి పురపాలక సంఘం ఏర్పడిన 1888 దాకా ఊరి సంగతులన్నీ ఆయనకు కంఠస్థం. ఆయన కరపత్రం మీద ‘సొంత లాభం కొంత మానుకుని పొరుగువారికి తోడుపడవోయ్’ అని వేశారు. నిన్నటి నుంచి చెవిలో ముల్లులా గుచ్చుతోంది. గురజాడ ‘దేశమును ప్రేమించుమన్నా’ గేయంలో నాకు తెలిసిన మాట ‘సొంత లాభం కొంత మానుకు పొరుగువాడికి తోడుపడవోయ్’. ‘వారికి’ అనే పాఠం ఎక్కడైనా ఉందా?

బొబ్బిలి సభ్యుడు: ముందు ‘మానుకుని’ సంగతి చూడండి. ఈ గేయం ఛందస్సు ముత్యాలసరం. దాని నడక మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు. మాత్ర అంటే పలకడానికి పట్టే కాలం కొలత, పొట్టి అక్షరానికి ఒకటి, దీర్ఘానికీ ఒత్తు ముందున్న అక్షరానికీ రెండు. సొంత–లాభం–కొంత–మానుకు. ‘ని’ చేరిస్తే ఐదు మాత్రలై తూకం చెడుతుంది. వాడికి, వానికి, వారికి మూడూ నాలుగు మాత్రలే కాబట్టి ఛందస్సు అక్కడ తీర్పు చెప్పదు.

శ్రీకాకుళం సభ్యురాలు: చెవి చెబుతుంది మాస్టారూ! వాడికి, తోడు, పడవోయ్ అని వరుసగా మూడు డకారాలు. ‘వారికి’ అనగానే ఆ బిగి సడలిపోయింది. ‘వానికి’ అన్నా అంతే.

పాలకొండ సభ్యుడు: ఓటర్లను ‘వాడు’ అనలేక మార్చి ఉంటారు. నాకైతే అందులో తప్పు కనిపించదు. ‘వారికి’ అంటే ఆడవాళ్లూ అందులోకి వస్తారు.

శ్రీకాకుళం సభ్యురాలు: నేనూ ఆడమనిషినే. ఆ ‘వాడి’లో నాకు ఇరుగుపొరుగు చనువే వినిపిస్తుంది. ‘పడవోయ్’ అని ఒకణ్ణి పిలుస్తూ, అతని పొరుగింటాయనకు మాత్రం మన్నన చేర్చడం ఎలా అతుకుతుంది?

బొబ్బిలి సభ్యుడు: మీరు మళ్లీ ‘వాడికి’ దగ్గరికే వెళ్లారు, నేను ‘మానుకు’ సంగతి చెబుతున్నాను. అదే గేయంలో ‘చెట్టపట్టాల్ పట్టుకుని’ అని పూర్తి రూపమే ఉంది. ‘పట్టు’ మూడు మాత్రలు. ‘కుని’ రెండు, పక్కనున్న ‘దేశస్థులంతా’లోంచి ‘దే’ వచ్చి చేరితే నాలుగు. అంటే గురజాడకు రెండు రూపాలూ ఇష్టమే, ఎక్కడ ఏది నిలవాలో లయ నిర్ణయించింది. ఎంత చెవి ఆయనది!

పార్వతీపురం సభ్యుడు: వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి వారిని మరిచిపోయారు. విజయనగరంలో ఆయనా గురజాడా సహాధ్యాయులు. శ్రీముఖలింగం గుడి శాసనాలను గిడుగు లిపి సొంతంగా నేర్చుకుని చదివారు. రాతి మీద మర్యాద తక్కువైందని అక్షరం దిద్దే చరిత్రకారుడు ఉండడు కదా. ఆ పెద్దాయన గురజాడ మాటనూ అలాగే చూడాలి.

పాలకొండ సభ్యుడు: శాసనం రాతి మీద ఉంటుంది, పాట జనం నోట ఉంటుంది. నోట ఉన్నది మారుతుంది.

బొబ్బిలి సభ్యుడు: మాత్ర తప్పకుండా మారితే నాకు అభ్యంతరం లేదు. ‘వారికి’ ఒప్పుకుంటాను, ‘మానుకుని’ ఒప్పుకోను.

శ్రీకాకుళం సభ్యురాలు: నాది దీనికి సరిగ్గా ఎదురు. ఆ ‘ని’ పాడేటప్పుడు గొంతులోనే కలిసిపోతుంది. ‘వారికి’ అలా కాదు, అర్థాన్నే మార్చేస్తుంది.

విజయనగరం సభ్యుడు: రెండో విడత అచ్చుకు వెళ్లేలోపు ఇద్దరి వాదనా ఆయనకు వినిపిస్తాను. ఆయన గెలవాలని నా కోరిక, కరపత్రమూ నిర్దోషంగా ఉండాలి. అన్నట్టు, వెనక పేజీలో ‘గట్టి మేలు తలపెట్టవోయ్’ అని ఉంది.

బొబ్బిలి సభ్యుడు: ‘మేలు’ కాదండీ, ‘మేల్’! ‘మేల్ తల’ కలిస్తేనే నాలుగు. అది కూడా దిద్దించండి.

పాలకొండ సభ్యుడు: పొల్లు హల్లుతో ఆగిన ‘మేల్’ వాడుక భాషేనా? గిడుగు వారు ఒప్పుకునేవారా?