మొదటి సెమిస్టర్‌లో దృశ్య కథనం: ముందు స్టోరీబోర్డా, చేర్యాల పటమా?

గీతబల్ల:
యానిమేషన్ పిల్లలకు ముందు చేర్యాల నకాశీ పటం (తెలంగాణలోని చేర్యాలలో పొడవాటి గుడ్డ చుట్ట మీద వేసే కథా చిత్రం), ఆ తర్వాతే స్టోరీబోర్డు (సినిమా షాట్లను వరుసగా గీసే ఫ్రేములు) అనే పద్ధతిని నేను ఒప్పుకోను. పటం ఒక్కటే కథ చెప్పదు. పద్మశాలీల మార్కండేయ పురాణం పటం ఉందనుకోండి, ఆ కథను పాడి వినిపించే కూనపులివారు పక్కన నిలబడి పాడితేనే అది కథ. స్టోరీబోర్డుకు ఆ గొంతు ఉండదు.

ఎర్రనేల:
గీతబల్ల గారూ, మీరు లోటన్నదే అసలు పాఠం అండీ. మూడడుగుల వెడల్పు గుడ్డ మీద పైనుంచి కిందికి అడ్డపట్టీలు, మధ్యలో పూల అంచు, వెనకంతా ఎరుపు. నీడలు, దూరాలు గీసి తప్పించుకునే వీల్లేదు. ఒంటి వంపు, చెయ్యి చూపే దిక్కు, ఎవరు ఎవరికి ఎంత దగ్గర, అంతే. స్టోరీబోర్డుతో మొదలుపెడితే రెండో రోజుకే కెమెరా కదలికలు చూపే జూమ్ బాణాలు, ప్యాన్ బాణాలు వచ్చేస్తాయి, బొమ్మలో మాత్రం ఏమీ జరగదు.

ఇలా చేయించండి. అడుగు వెడల్పు, ఆరడుగుల పొడవు కాగితం చుట్ట, ఎనిమిది పట్టీలు. ఒక్క అక్షరం రాయకూడదు. కథ తెలియని ఇంకో విద్యార్థి దాన్ని విప్పుతూ చెప్పాలి. గీసినవాళ్లు నోరు మెదపకూడదు. చెప్పేవాడు ఎక్కడ ఆగి "ఇతనెవరు?" అంటాడో ఆ పట్టీ మళ్లీ గీయాలి. దాదాపు ప్రతిసారీ కారణం ఒకటే: పట్టీ పట్టీకీ పాత్ర బట్టల రంగు, ఎత్తు మారిపోతాయి.

గీతబల్ల:
అభ్యాసం బాగుంది, కాదనను. కానీ పటంలో చూపు ఎప్పుడూ ఎదురుగా, ఒకే దూరం నుంచి. షాట్ మారితే ఏం తేడా వస్తుందో అది నేర్పదు. అన్నదమ్ముల గొడవ తీసుకోండి. అన్న ఎడమ పక్క నిలబడి కుడికి చూస్తున్నాడు. రెండో ఫ్రేములో కెమెరా ఇద్దరినీ కలుపుతూ ఊహించుకునే గీత దాటి అటు వెళ్తే అన్న చూపు ఎడమకు తిరుగుతుంది. మూడోదాంట్లో మళ్లీ ఇటొచ్చి తమ్ముణ్ని చూపిస్తే, అతనూ ఎడమకే. ఇద్దరూ ఎవరో మూడో మనిషిని చూస్తున్నట్టుంటుంది. అందుకే ఫ్రేములకన్నా ముందు పైనుంచి చూసినట్టు నేల పటం గీసి, ఆ గీత వేసి, కెమెరా చోట్లకు 1, 2, 3 అని గుర్తులు పెట్టించాలి. ఈ అలవాటు మొదటి వారంలోనే పడాలి.

కుంచెపొడి:
చేర్యాల పటం గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించడం కూడా ఈ కోర్సులోనే పెడతామంటున్నారు కొందరు. దయచేసి వద్దు. పూత ఎక్కువైతే చుట్టినప్పుడు పగులుతుంది, అది కుదిరేసరికే వారాలు పోతాయి. అది పెయింటింగ్ తరగతి పని. కాగితం చుట్ట రెండు వారాలు చాలు.

ఎర్రనేల:
రెండు వారాలకు సరే. కానీ నేల పటం మూడో వారంలోనే. మనిషి ఎవరో తెలియని ఫ్రేములో కెమెరా ఏ పక్కనుంటే ఏం?