అరవై గజాల బాతుకు ఏ తూటా?

సస్కటూన్_హనుమకొండ
అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. ఆరేళ్లుగా కెనడాలో, సస్కచెవాన్‌లో ఉంటున్నాను. గత ఏడాది లైసెన్సు తీసుకుని తోటి ఉద్యోగులతో బాతుల వేటకు వెళ్తున్నాను. సెప్టెంబరులో కోత అయిన గోధుమ పొలాల్లో కెనడా బాతులు గుంపులుగా దిగుతాయి. నాది పన్నెండు బోరు తుపాకి, చిన్న గుండ్లు నింపిన మూడంగుళాల తూటా. ఇక్కడ నీటి పక్షులకు సీసం గుండ్లు వాడకూడదు కాబట్టి రెండో నంబరు సైజు ఉక్కు గుండ్లు, తూటాకు ఔన్సుంపావు బరువు వాడుతున్నాను. ముప్పై గజాల్లో బాగానే పడుతున్నాయి. ఎరగా పెట్టిన బొమ్మ బాతులను చూసి అనుమానపడి పైనుంచే తిరిగిపోయేవి యాభై అరవై గజాల్లో ఉంటాయి. కొడితే ఈకలు రాలుతున్నాయి, బాతు మాత్రం వెళ్లిపోతోంది. పెద్దదైన బీబీ సైజు గుండుకు మారాలా, ఇంకా పెద్దదైన టీకి మారాలా, డబ్బు పోసి బిస్మత్ లోహపు గుండ్లు కొనాలా? మన దగ్గర పాతకాలం వేట చూసిన పెద్దలు ఉంటారని అడుగుతున్నాను.

పాకాల_పాతతుపాకి
బాబూ, ఉక్కు గుండ్లతో బాతును కొట్టడమంటే మరమరాలు విసిరి ఎద్దును తోలడం. మా నాన్నగారు 1960ల్లో పాకాల మీద శీతాకాలపు చారల తల బాతులను 70 గజాల నుంచి దించేవారు. సీసం నాలుగో నంబరు, ఫుల్ చోక్ అంటే మూతి దగ్గర బాగా బిగువైన గొట్టం, ఇంగ్లండు నుంచి వచ్చిన జంట గొట్టాల తుపాకి. అంతే. ఈ బీబీలు, టీలు అన్నీ తూటాల కంపెనీల వ్యాపారం.

ప్లాటు_గజం
ఇక్కడ గజం అంటే మన ప్లాటు గజమేనా?

లెక్కలమాస్టారు_కాజీపేట
ప్లాటు గజం చదరపు గజం. ఇది మూడడుగుల గజం.

తమ్ముడూ, అసలు విషయం బరువు. ఘన సెంటీమీటరుకు సీసం 11.3 గ్రాములు, బిస్మత్ సుమారు 9.6, ఉక్కు 7.8. ఒకే పరిమాణం గుండులో ఉక్కు తేలిక కాబట్టి గాలిలో త్వరగా వేగం కోల్పోతుంది. అందుకే సీసంలో వాడే నంబరు కన్నా ఉక్కులో రెండు సైజులు పెద్దది తీసుకోవాలంటారు. సీసం నాలుగుకు ఉక్కు రెండు, సీసం రెండుకు ఉక్కు బీబీ. టంగ్‌స్టన్ గుండ్లు 18 దాకా తూగుతాయి. వాటిలో చిన్న గుండు కూడా దూరం పోతుంది, జేబు మాత్రం ఖాళీ అవుతుంది.

ఇంకో వైపు ఉంది. ఔన్సుకు ఉక్కు రెండో నంబరు 125 గుండ్లు, బీబీ 72, టీ దాదాపు 52. నీ ఔన్సుంపావు తూటాలో బీబీ 90 ఉంటే టీ 65 మాత్రమే. గుండు పెద్దదైతే దెబ్బ గట్టిది, కానీ గుండ్ల మధ్య ఖాళీ పెరుగుతుంది. అరవై గజాల్లో ఆ ఖాళీలోంచి బాతు దాటిపోతుంది. ఈకలు రాలుతున్నాయన్నావు కదా, అది అంచు గుండు తగిలిన గుర్తు.

ఫుల్ చోక్ మాట వినకు. ఉక్కు గట్టిది, సీసంలా నలగదు. బీబీ, టీ లాంటివి బిగువైన చోక్‌లోంచి పంపితే గొట్టానికే ముప్పు. మాడిఫైడ్ అనే మధ్యరకం చోక్ చాలు.

పరకాల_మొక్కజొన్న
నంబరు తగ్గితే గుండు పెద్దది అవుతుందా? ఇదెక్కడి లెక్క మాస్టారూ?

లెక్కలమాస్టారు_కాజీపేట
అవును. నాలుగు కన్నా రెండు పెద్దది. ఒకటి దాటాక అక్షరాలు వస్తాయి.

పరకాల_మొక్కజొన్న
తూటాల వాళ్లు కూడా మా తహసీల్ కాగితాల్లాగే తిరగేసి రాస్తారన్నమాట.

మీరు బాతుల గురించి మాట్లాడుకుంటున్నారు, నా గోడు వినండి. రెండెకరాల మొక్కజొన్న కంకి పట్టే సమయానికి పందులు దొర్లి పడేశాయి. మా ఇంట్లో తాత కాలం నుంచి లైసెన్సు తుపాకి ఉంది. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ తీసుకెళ్లి స్టేషన్లో ఇవ్వాలి, ఎన్నికలయ్యాక తెచ్చుకోవడానికి నాలుగుసార్లు తిరగాలి. ఒకసారి తెచ్చుకునేసరికి గొట్టంలో తుప్పు. కెనడా బాతుకు తూటా ఎంచుతున్నారు, పరకాల పందికి ఎవరు ఎంచుతారు?

నిర్వాహకుడు
పంది సంగతి వేరే చర్చలో. ఇక్కడ ఎవరూ తొందరపడకుండా ఒక మాట: మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టానికి 1991లో చేసిన సవరణతో వేటకు తలుపులు మూసుకున్నాయి. ఈ ప్రశ్న కెనడాది, అక్కడికే పరిమితం చేయండి.

లెక్కలమాస్టారు_కాజీపేట
చిత్రం ఏమిటంటే, అదే 1991లో అమెరికా నీటి పక్షుల వేటకు సీసం గుండ్లను దేశమంతటా నిషేధించింది. కెనడాలో 1999 నుంచి. అది కంపెనీల వ్యాపారం కాదు పెద్దాయనా. బాతు ఇసుక, గులకరాళ్లు మింగి కందనకాయలో గింజలు నూరుకుంటుంది. చెరువు అడుగున పడిన సీసం గుండును కూడా రాయి అనుకుని మింగుతుంది. అది కందనకాయలో అరిగి రక్తంలోకి పోతుంది. గుండు తగలని బాతు కూడా నెల తిరక్కుండా చస్తుంది. సీసం ఒంట్లో ఉన్న బాతును తిన్న గద్దకూ అదే గతి.

పాకాల_పాతతుపాకి
సీసంతో కొట్టిన బాతులు తింటూ పెరిగాను. 68 ఏళ్లు, నాకేమీ కాలేదు. లెక్కలు బోర్డు మీద బాగుంటాయి మాస్టారూ. 70 గజాల నుంచి పడేవంటే పడేవి. కళ్లారా చూశాను.

లెక్కలమాస్టారు_కాజీపేట
నాలుగో నంబరు గుండు వ్యాసం 0.13 అంగుళం. 70 గజాలకు దాని ఊపిరి అయిపోతుంది. రెక్క ఈకల కింద రెండు అంగుళాల కండ దాటి లోపలికి పోవాలంటే కుదరదు. ఎప్పుడో ఒకటి తలకు తగిలి పడి ఉండవచ్చు. అది గుర్తుంటుంది, మిగతావి గుర్తుండవు.

మరొకటి. కెనడా బాతు గంటకు 40 మైళ్లు ఎగిరితే సెకనుకు 59 అడుగులు. బీబీ గుండు 40 గజాలు పోవడానికి సెకనులో ఎనిమిదో వంతు. అంటే బాతుకు ఏడడుగులు ముందు కొట్టాలి. 60 గజాలకు పన్నెండు, పదమూడు అడుగులు. అంత ఖాళీ ఆకాశంలోకి గురిపెట్టే ధైర్యం ఎందరికి ఉంటుంది?

ప్లాటు_గజం
పాకాల 1952లోనే అభయారణ్యం అయింది కదా? 1960ల్లో అక్కడ ఎవరు కొట్టనిచ్చారు?

పాకాల_పాతతుపాకి
పాకాల అంటే పాకాల నీళ్లే కాదు, ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ. మా ఊరి చెరువు. పేరు రాసి ఊరిని బజారుకు లాగను. గట్టు మీద మర్రి కింద నిలబడితే తూము దగ్గర కూర్చున్న బాతుల మంద కనిపించేది. మర్రి నుంచి తూముకు 70 గజాలు. ఇప్పుడు దీనికీ సాక్ష్యం కావాలా?

చెరువుగట్టు
ఇన్నాళ్లూ ఈ వేదికలో చదివి వెళ్లిపోయేవాడిని. మర్రి, తూము అనగానే ఆగాను.

మీ నాన్నగారు కొట్టేవారు, నిజం. బాతులు పడేవి, అదీ నిజం. పడినవాటిని ఎవరు తెచ్చారో మీకు గుర్తుందా? మా నాన్న. జనవరి తెల్లవారుజామున గోచీ కట్టుకుని రొమ్ముదాకా నీళ్లలో దిగేవాడు. చచ్చి తేలినవి తేలిక. రెక్క విరిగినవి తుంగలోకి దూరేవి. తుంగ ఆకు కోసిన గీతలు ఆయన చేతుల మీద ఎండాకాలం దాకా ఉండేవి. బాతు ముక్కుతో పొడిచేది, విరగని రెక్కతో మొహం మీద కొట్టేది. నీళ్లలోనే మెడ తిప్పేసి భుజాన వేసుకుని ఒడ్డుకు వచ్చేవాడు. తెచ్చినవి మీ ఇంటికి. దొరకనివి మూడో రోజుకు అవతలి గట్టున కుక్కలకు. ఆ కుక్కల దగ్గరికి నేనూ వెళ్లాను. మా ఇంట్లో బాతు వండింది అలాంటి రోజే.

దూరం నుంచి కొట్టిన రోజు గాయపడినవి ఎక్కువ. అందుకే ఇంట్లో మా అమ్మ తుపాకి చప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో వినేది. మర్రి దగ్గరి నుంచి వస్తే నీళ్లు కాచేది.

పాకాల_పాతతుపాకి
ఆ కుర్రాడు తూటా అడిగాడు. దొర, జీతగాడు అనే కథ ఇక్కడ ఎందుకు? మా నాన్నగారు ఎవరినీ ఊరికే దింపలేదు. ధాన్యం ఇచ్చేవారు. చచ్చిపోయిన మనిషి మీద ఇప్పుడు పంచాయితీ పెడతారా?

చెరువుగట్టు
ధాన్యం ఇచ్చారు. పిలిస్తే రానని చెప్పే వీలు ఇచ్చారా? నేను చెప్పింది తూటా గురించే. బాతు చచ్చి పడుతుందా, కుంటుతూ పడుతుందా అన్నది మర్రి కింద నిలబడ్డవాడికి ఒకటే. నీళ్లలోకి దిగేవాడికి ఒకటి కాదు.

పరకాల_మొక్కజొన్న
గాయపడిన పంది వెనక ఒకసారి వెళ్లాను. ఇంకెప్పుడూ వెళ్లను. ఈ అన్న చెప్పింది నాకు అర్థమైంది.

లెక్కలమాస్టారు_కాజీపేట
పెద్దాయనా, దూరం ఎప్పుడైనా కొలిచారా?

పాకాల_పాతతుపాకి
నాన్నగారు చెప్పేవారు.

చెరువుగట్టు
నేను కొలిచాను. మొన్న సంక్రాంతికి ఊరికి వెళ్లినప్పుడు మర్రి మొదలు నుంచి తూము రాయి దాకా టేపు పట్టాను. 46 గజాలు. ఎందుకు కొలిచానో నాకే తెలియదు. ఈ చర్చ అప్పటికి మొదలు కాలేదు.

సస్కటూన్_హనుమకొండ
క్షమించండి, నా ప్రశ్న ఇంత దూరం వెళ్తుందని అనుకోలేదు. చెరువుగట్టు అన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా జట్టులో నీళ్లలోకి దిగేది కుక్క. దాని సంగతి కూడా నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

శనివారం మాస్టారు చెప్పిన లెక్కలను పరీక్షించి చూశాను. పెద్ద కాగితం మీద 30 అంగుళాల వలయం గీసి, బీబీతో, మాడిఫైడ్ చోక్‌తో కొట్టాను. 40 గజాలకు 90లో 63 గుండ్లు వలయంలో పడ్డాయి. 60 గజాలకు 26. వాటిలో బాతు బొమ్మ గీసిన చోట తగిలినవి నాలుగు, అందులో ఒకటి తోకలో. టీతో 60 గజాలకు బొమ్మలో తగిలినవి రెండే. బిస్మత్ పెట్టె ధర అడిగి దుకాణంలోంచి బయటికి వచ్చేశాను.

బీబీ కొన్నాను. బొమ్మ బాతుల అంచున 40 గజాల దగ్గర నారింజ గుడ్డ కట్టిన కర్ర పాతుతున్నాను. అది దాటినవి పోతే పోనీ. మా జట్టులో ఇద్దరు నవ్వుతున్నారు.

ప్లాటు_గజం
40 గజాల్లో ఇల్లు కూడా కట్టేశారు మా వీధిలో.

పాకాల_పాతతుపాకి
కర్ర మంచిదే బాబూ. కానీ సీసం అయితే ఆ కర్రను యాభై దాకా జరపవచ్చు, ఆ మాట మీదే ఉంటాను.

చెరువుగట్టు గారికి: ఆ మర్రి ఇంకా ఉందా? నేను ఊరు వెళ్లి ఇరవై ఏళ్లు దాటింది.

చెరువుగట్టు
ఉంది. చెరువు వైపు కొమ్మలు ఎండిపోయాయి. తుంగ బాగా పెరిగింది, తూము దగ్గర నీళ్లు కనిపించవు. బాతులు ఇప్పుడు అవతలి గట్టు వైపు దిగుతున్నాయి.